తుప్పు పట్టదన్న కారు

కోట సెంటర్లో కామాక్షయ్య టీ బంకు దగ్గర నిలబడి, ఈ చుట్టుపక్కల మొనగాడైన డ్రైవరు ఎవరని మూడేళ్ళ కిందట అడిగివుంటే, గ్లాసులు కడిగే తొట్టిలో నీళ్ళు కూడా జీవానందం పేరే చెప్పేవి. ఆ నీళ్ళకు ఆ మాట నేర్పింది జీవానందమే అనుకోండి, అది వేరే సంగతి.

మనిషి పొడుగు. మాట ఇంకా పొడుగు. తొమ్మిదో తరగతిలో లెక్కల మేస్టారి స్కూటరు బాగుచేస్తానని విప్పి, తిరిగి బిగించేసరికి మూడు నట్లు మిగిలిపోవడంతో చదువుకు అక్కడే స్వస్తి చెప్పినవాడు. ఆ మూడు నట్లు లేకుండానే స్కూటరు పన్నెండేళ్ళు తిరిగిందనీ, చివరికి కంపెనీవాళ్ళు దిగివచ్చి 'ఈ నట్లు మేమే అనవసరంగా పెట్టినాం' అని ఒప్పుకొని పోయారనీ చెప్పేవాడు. స్వర్ణముఖి పొంగిన ఏడాది వాకాడు దగ్గర జీపును ఏట్లోకి దించి, వైపర్లనే తెడ్లుగా ఆడించి అవతలి గట్టుకు చేర్చింది అతనే. గేరు ఇరుక్కుపోతే గూడూరు నుంచి కోట దాకా వెనక్కే నడుపుకొచ్చి, దారిలో పోలీసాయన చేత జీపు వెనక అద్దానికి సెల్యూటు కొట్టించుకున్నదీ అతనే. ఒక్కరూ నమ్మేవాళ్ళు కాదు. అయినా కథకొక టీ చొప్పున కామాక్షయ్య ఊరికే పోసేవాడు. కథ నడిచినంతసేపూ బంకు ముందు జనం కదలరు, ఇంకో రెండు టీలు తాగుతారు. అందులో దాతృత్వమేమీ లేదు.

ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం జీవానందం గొంతు తగ్గించేవాడు. తన చేతిలో బండి పాడవదు. ఆ మాట నిజం. పంతొమ్మిదేళ్ళు జయరామయ్య దగ్గర ఒకే జీపు నడిపాడు. ఒక్క నాడూ అది దారిలో ఆగలేదు, ఒక్క మనిషినీ గీరలేదు. సెంటు పొలం లేదు, ఉన్న ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. భార్య అబిగయీలు కుట్టుమిషను తొక్కుతుంది. ఇక అతనికి ఈ లోకంలో ఆస్తి అంటూ ఉన్నది ఆ పేరు ఒక్కటే.

జయరామయ్య కోటకు తూర్పున, ఉప్పుకాలవ పక్కన ఎనిమిది రొయ్యల గుంటలున్న రైతు. రోజూ పొద్దున్నే గుంటనీళ్ళు ఒక చుక్క తీసి, ఉప్పు చూసే గొట్టం మీద వేసి, సూర్యుడికి ఎదురుగా కన్ను చికిలించి, ఏ గుంటలో ఉప్పెంతో చెప్పేస్తాడు. గొట్టం లేకపోయినా చెప్పగలడు. వేలు ముంచి నాలుకకు రాసుకుంటే చాలు. చుట్టుపక్కల గుంటలవాళ్ళు తమ నీళ్ళు సీసాలో పట్టుకొని ఆయన దగ్గరకు వచ్చేవాళ్ళు.

ఆ గుంటల గట్ల మీద, సముద్రపు గాలిలో, బోరులో పడే ఉప్పునీళ్ళతో కడిగించుకుంటూ జీపు బతికింది. బతికింది అనడమే గాని, దాని అడుగు రేకును తుప్పు ఎప్పుడో తినేసింది. కాళ్ళ సందుల్లోంచి రోడ్డు కనబడేది. ఎక్కడిదాకా వచ్చామో తెలుసుకోవడానికి తల ఎత్తనక్కర్లేదు, వంచితే చాలు. రెండేళ్ళకొకసారి గూడూరు తీసుకెళ్ళి కొత్త రేకు వెల్డింగు పెట్టించేవాడు జీవానందం. ఇక్కడ బండి అన్నాక అంతే. దాన్నెవరూ జబ్బు అనుకోరు.

రెండు పంటలు వరసగా కలిసొచ్చిన ఏడు జయరామయ్య జీపును పాతసామాన్లకు అమ్మేసి, నెల్లూరు వెళ్ళి కారు కొన్నాడు. పేరున్న జర్మనీ కంపెనీది. ఆ కంపెనీ చేసే కార్లన్నిట్లోకీ చిన్నది, చవకది. చవకది అంటే యాభై లక్షలు.

కారు కోట సెంటరు దాటేటప్పుడు, స్టీరింగు ముందున్న జీవానందం మెడ రోడ్డుకంటే నిటారుగా ఉంది. సాయంత్రం బంకు దగ్గర అందరూ చుట్టూ చేరి బేరీజు వేశారు. కామాక్షయ్య అయితే టీ వడకడుతూనే తేల్చేశాడు.

"యాభై లక్షల్లో ముందరుండే ఆ గుర్తుకే ఇరవై అయిదు పొయ్యుంటాది జీవా. మిగతా ఇరవై అయిదుకే గదా కారు. దీనిబదులు రెండు ఇన్నోవాలు కొనుంటే, ఒకటి తొక్కతా ఒకటి చూసుకుంటా ఉండొచ్చు."

ఆ మాట తప్పని జీవానందం అనలేకపోయాడు. కారులో స్టెపినీ లేదు. గాలి పోయినా కొంత దూరం పరిగెత్తే టైరట, అందుకని పెట్టలేదట. యాభై లక్షల బండికి స్టెపినీ లేదంటే బంకు దగ్గర నవ్వు పావుగంట ఆగలేదు. ఇంకొక సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. లోపల బటన్ల మధ్య బటన్లలాగే కనిపించే ఖాళీ బిళ్ళలు పదకొండు ఉన్నాయి. పై మోడలులో అక్కడ సీటు చల్లబరిచేదో, వీపు పిసికేదో ఉంటుందట. ఈ మోడలులో వాటిని నొక్కితే వేలు నొప్పి పుట్టడం తప్ప ఏమీ జరగదు. బంధువులెవరైనా ఎక్కినప్పుడు జయరామయ్య వాటిలో ఒకదాన్ని నింపాదిగా నొక్కి, వెనక్కి వాలి కళ్ళు మూసుకొనేవాడు. బంధువులు కూడా ఏదో హాయిగా ఉందన్నట్టు తలూపేవాళ్ళు.

నిజానికి ఆయన కారు కొన్నది తిరగడానికి కాదు. నెల్లూరులో కల్యాణ మండపం గేటు దగ్గర జీపును వెనక సందులోకి పొమ్మనే వాచ్‌మన్, ఈ కారుకు మెట్ల ముందే చోటు చూపించాడు. రొయ్యలు కొనే చెన్నై వ్యాపారి గుంటల దగ్గరికి వచ్చినప్పుడు, తన కుర్చీ జరిపి ఆయనకిచ్చాడు. యాభై లక్షలకు వచ్చినవి ఇవీ. తక్కువేమీ కాదనే అనుకున్నారు ఇద్దరూ.

జీవానందం ఆ కారును చంటిబిడ్డలా చూసుకున్నాడు. మొదటి నెలంతా బోరు నీళ్ళు దాని మీద పడనివ్వలేదు. ఆటోలో వచ్చే తాగేనీళ్ళ క్యాన్లు తన డబ్బులతో రోజుకు రెండు కొని, గుడ్డ తడిపి తుడిచేవాడు. ఇంట్లో పిల్లలు తాగేదానికంటే కారు తాగేదే ఎక్కువగా ఉందని అబిగయీలు ఎగతాళి చేసేది. నెల తిరిగాక ఒకనాడు పొద్దున్నే జయరామయ్య ఆ క్యాన్లు చూశాడు.

"ఏందిరా ఇది? మనుషులు తాగే నీళ్ళు కారుకు పోస్తుండావా?"

"బోరు నీళ్ళు ఉప్పన్నా. జీపు సంగతి చూసినాం గదా."

"జీపు ఖరీదెంత, దీని ఖరీదెంత? దానికి పట్టే తుప్పు దీనికీ పట్టేదయితే యాభై లక్షలు ఎందుకు పోసినట్టురా నేను? తుప్పు పట్టదని పన్నెండేళ్ళకు గ్యారంటీ రాసిచ్చినారు. గుంటల బోరు మోటారు పెట్టి శుభ్రంగా కొట్టు, అడుగు గూడా కొట్టు."

ఆ తర్కం జీవానందానికి నచ్చింది. నచ్చడం కాదు, నిజమైతే బాగుండునని అనిపించింది. పుట్టినప్పటి నుంచి ఈ ఉప్పు తినని వస్తువు ఒక్కటీ చూడలేదు అతను. తలుపు గొళ్ళెం, సైకిలు, బోరింగు గొట్టం, గుడి గంట, చర్చి గంట, అన్నిటినీ తిన్నది. దానికి లొంగనిది ఒకటి ఈ లోకంలో ఉండాలి గదా. ఉంటే ఎంతుంటుంది దాని ఖరీదు? యాభై లక్షలు ఉండదూ?

మరునాటి నుంచి ఆ బోరు మోటారుకు గొట్టం తగిలించి, ముందు, వెనక, కింద, చక్రాల సందుల్లో, బానెట్ ఎత్తి లోపల కూడా కొట్టాడు. సముద్రంలో సగం ఉప్పున్న నీళ్ళు. ఆ పక్కనే జయరామయ్య గుంట గట్టు మీద నిలబడి, చుక్క నీళ్ళు ఉప్పు చూసే గొట్టం మీద వేసి, రొయ్యకు ఉప్పు ఎక్కువయిందేమోనని కన్ను చికిలించి చూస్తుండేవాడు. ఇద్దరి మధ్య దూరం పది అడుగులు.

కారు మెరిసింది. మెరిసేకొద్దీ జీవానందం నోరూ మెరిసింది. ఈ కారును సముద్రం అడుగున బిగించారనీ, మంచినీళ్ళు పోస్తే జలుబు చేస్తుందనీ, ఉప్పునీళ్ళు తాగేకొద్దీ నిగనిగలాడుతుందనీ బంకు దగ్గర చెప్పాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

"ఈ ఉపాయం ఎవురిదనుకున్నారు? అన్న వద్దొద్దంటా ఉంటే నేనే మొదలుపెట్టినా" అన్నాడు. అలా అంటేనే కథకు ఊపు వచ్చింది. కామాక్షయ్య ఆ రోజు టీతో పాటు సమోసా కూడా ఇచ్చాడు.

ఏడాదిన్నర గడిచింది. నెల్లూరులో దగ్గరి బంధువుల పెళ్ళికని జయరామయ్య, ఆయన భార్య రాఘవమ్మ పట్టుబట్టలు కట్టుకొని వెనక సీట్లో కూర్చున్నారు. వెంకటాచలం దగ్గరికి వచ్చేసరికి అద్దం ముందున్న తెర మీద ఒక ఎర్ర దీపం వెలిగింది. దాని పక్కన పసుపు. ఆ తర్వాత ఏవేవో బొమ్మలు, దసరా పందిరి లైట్లలాగా. కారు హైవే మధ్యలో ఆగి, తనంతట తానే బ్రేకు బిగించుకుంది. ఈ కారుకు చెయ్యి పెట్టి లాగే బ్రేకు కూడా లేదు, అదీ బటనే. ఆ బటను కూడా ఇప్పుడు ఆ పదకొండు ఖాళీ బిళ్ళల్లో కలిసిపోయింది. ఆరుగురు లారీ డ్రైవర్లు దిగి నెట్టినా అంగుళం కదల్లేదు. వాళ్ళలో ఒకాయన గుర్తు వైపు చూసి, ఇంజను తీసేసి ఎద్దులను కట్టమన్నాడు. రాఘవమ్మను ఆటో ఎక్కించారు. జయరామయ్య నడినెత్తిన ఎండలో, పట్టుపంచెతో, తల మీద చేతిరుమాలు కప్పుకొని, కారును లారీ మీదికెక్కించేదాకా నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళ జీపు తర్వాత, జీవానందం చేతిలో బండి దారిలో ఆగడం అదే మొదలు.

షోరూములో కారును పైకి లేపి మధుబాబు అనే కుర్రవాడు కింద నిలబడి టార్చి వేశాడు. వైర్ల జాయింట్లలో పచ్చటి పొడి. అల్యూమినియం మీద తెల్లటి పొక్కులు. బ్రేకు గొట్టాలు చేత్తో పట్టుకుంటే పెచ్చులు పెచ్చులుగా రాలాయి. మధుబాబు ఒక పెచ్చు గీరి, కాసేపు సందేహించి, నాలుక మీద పెట్టుకొని చూశాడు.

"సార్, దీన్ని సముద్రంలోకి దించారా?"

బాగుచేయాలంటే పద్దెనిమిది లక్షలన్నాడు. జయరామయ్య పన్నెండేళ్ళ గ్యారంటీ కాగితం బయటికి తీశాడు. మధుబాబుకు ఆ కాగితం కంఠతా వచ్చు. తుప్పు పట్టి పైరేకుకు చిల్లి పడితేనే అది పనికొస్తుందట. వైర్లకు కాదు, గొట్టాలకు కాదు, దేనికీ కాదు. పైరేకు మాత్రం ఇప్పటికీ అద్దంలా మెరుస్తూనే ఉంది. ఉప్పు దాన్ని వదిలిపెట్టి కడుపులోకి పోయింది.

తర్వాత మధుబాబు మామూలుగానే అడిగాడు, రోజూ ఏ నీళ్ళతో కడుగుతారని.

జయరామయ్య జవాబు చెప్పడానికి నోరు తెరిచి, మూసుకొని, జీవానందం వైపు చూశాడు. ఉప్పును చుక్కలో పట్టుకొనే మనిషి ఆయన. సీసాలతో నీళ్ళు తెచ్చేవాళ్ళందరికీ పెద్ద.

"డ్రైవరు కడగతాడు. వాడినే అడగండి" అన్నాడు.

ఆ మాట వెనకే ఇంకొక మాట వస్తుందని జీవానందం ఎదురుచూశాడు. 'నేనే కడగమన్నా' అనే మాట. చిన్నదే. షోరూములో ఏసీ చప్పుడు చేస్తూ ఉంది. మాట రాలేదు. బోరు నీళ్ళని జీవానందం తనే చెప్పాడు.

కాసేపటికి జయరామయ్య అతన్ని బయటికి, పాత టైర్ల గుట్ట పక్కకు పిలిచాడు. యజమానికి తెలియకుండా డ్రైవరు చేసిన పొరపాటని రాసిస్తే కంపెనీ దయతలచి ఖర్చులో కొంత భరించవచ్చని మధుబాబు అన్నాడట. ఒక్క సంతకం. అది కంపెనీకి పోయే కాగితమేగాని ఊళ్ళో చూసేవాళ్ళెవరూ ఉండరని, ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పాడు. ఇన్నేళ్ళలో జయరామయ్య అతని భుజం మీద చెయ్యి వేసి మాట్లాడటం కూడా అదే మొదలు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. అందులో జీవానందం గుర్తుపట్టింది తన పేరు ఒక్కటే. మధుబాబు చదివి అర్థం చెప్పాడు. యజమానికి తెలియకుండా, తెలిశాక వద్దని చెప్పినా వినకుండా.

"చెప్పినా వినకుండా అనేది కొట్టెయ్యన్నా" అన్నాడు జీవానందం.

"అదుంటేనే బలంరా" అన్నాడు జయరామయ్య.

సంతకం పెట్టాడు.

ఇంటికి వచ్చి చెబితే అబిగయీలు మిషను ఆపింది.

"పంతొమ్మిదేళ్ళు నువ్వు చెప్పిన కథలు ఎవురూ నమ్మలా" అంది. "దీన్ని మాత్రం నమ్ముతారు, చూడు."

మూడు వారాలకు కంపెనీ జవాబు వచ్చింది. కుదరదు. తెలిసి కడిగినా, తెలియక కడిగినా ఉప్పు ఉప్పేనని మర్యాదగా రాశారు. కారు లారీ మీద తిరిగివచ్చి, గుంటల దగ్గర మేత బస్తాల షెడ్డులోకి చేరింది. పద్దెనిమిది లక్షలు పెడదామంటే ఆ ఏడు రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలి పంట పోయింది. జయరామయ్య మోటారుసైకిలు ఎక్కాడు. మోటారుసైకిలుకు డ్రైవరు అక్కర్లేదు. పొమ్మని అనలేదు, పని పడితే పిలుస్తాలే అన్నాడు. ఆ పని ఇప్పటిదాకా పడలేదు.

ఊళ్ళో ఎవరూ చూడరన్న కాగితం జయరామయ్య ఫోనులో ఫోటోగా ఉంది. యాభై లక్షల కారు ఏమైందని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు గదా. అడిగినవాళ్ళకు ఆయన మాట చెప్పకుండా ఫోటో చూపించేవాడు. అది ఫోను నుంచి ఫోనుకు నడిచి, జీవానందం జీపులో కూడా పోని ఊళ్ళకు పోయింది. గూడూరులో ట్రావెల్స్ ఆయన లైసెన్సు చూసి, ముఖం చూసి, ఉప్పు కారు జీవానందం నువ్వేనా అని అడిగాడు. టీ తెప్పించాడు, కథ చెప్పించుకున్నాడు, బండి మాత్రం ఇవ్వలేదు. వాకాడులో ఐసు లారీ వాళ్ళు అంతే. రొయ్యలు ఒలిచే షెడ్డులో అబిగయీలుకు పని దొరికింది. పొద్దున ఆరింటికి వ్యాను వచ్చి ఎక్కించుకొని పోతుంది. ఆ వ్యాను డ్రైవరు హారను కొట్టినంతసేపూ జీవానందం ఇంట్లోనుంచి బయటికి రాడు.

ఒకనాడు మనసు బిగబట్టుకొని గుంటల మీదికి వెళ్ళాడు. జయరామయ్య గట్టు మీద ఉప్పు చూసే గొట్టం పట్టుకొని ఉన్నాడు.

"అన్నా, పని అడగను. ఒక్కరికి చెప్పన్నా, కడగమన్నది నువ్వేనని. కామాక్షయ్యకు ఒక్కడికి చెప్పు చాలు."

జయరామయ్య గొట్టం లోంచి కన్ను తీయలేదు.

"నేను చెబితే మాత్రం ఎవురు నమ్ముతారురా? ఉపాయం నీదేనని ఊరంతా చాటింది నువ్వు గదా. అన్న వద్దన్నాడని చెప్పిందీ నువ్వే. ఆ కాగితంలో ఉండేది నీ మాటే గదరా, నాది కాదే."

జీవానందం షెడ్డు పక్కనుంచి తిరిగి వస్తూ తలుపు సందులోంచి చూశాడు. బస్తాల దుమ్ము కింద కారు ఇంకా మెరుస్తూనే ఉంది. కోళ్ళు బానెట్ మీద పడుకున్నాయి.

ఆ సాయంత్రం బంకు దగ్గర నిజం చెప్పాడు. తాగేనీళ్ళ క్యాన్లు, జయరామయ్య అన్న మాట, షోరూములో రాని మాట, టైర్ల గుట్ట. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నిజంలో వైపర్లు తెడ్లు కావు, పోలీసులు సెల్యూటు కొట్టరు. అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. నమ్మారేమోనని ఒక్క క్షణం అనిపించింది.

"ఇది బాగలేదు అబ్బయ్యా" అన్నాడు కామాక్షయ్య పాలు కలియబెడుతూ. "జయరామయ్య అట్టాంటి మాట అంటాడా? ఉప్పు సంగతి ఆయనకు తెలవదా? నీకు కోపముంటే ఉండనీ, కథ మాత్రం చెడగొట్టుకోబాక. పాతదే చెప్పు."

ఆ తర్వాత కొన్నాళ్ళు అతను సెంటరు వైపు రాలేదు. వచ్చిననాడు జేబులో పది రూపాయలు లేవు. బంకు ముందు వాకాడు వైపు నుంచి వచ్చిన కొత్త మనిషి ఒకడున్నాడు. కిందటి పంట బాగా వచ్చిందట, అదే కంపెనీ కారు, అదే చిన్న మోడలు, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు. కామాక్షయ్య అతనికి జీవానందాన్ని చూపించి, ఈయన కన్నా తెలిసినవాడు జిల్లాలో లేడన్నాడు.

జీవానందం బల్ల మీద కూర్చున్నాడు. సముద్రం అడుగున బిగించిన కారు సంగతి, మంచినీళ్ళకు దానికి జలుబు చేసే సంగతి, అన్న వద్దని మొత్తుకుంటున్నా వినకుండా తను బోరు గొట్టం పట్టుకున్న సంగతి చెప్పాడు. వెంకటాచలం దగ్గర ఈసారి నెట్టింది ఆరుగురు కాదు, నలభైమంది, రెండు ఎద్దుల జతలు కూడా. జనం కడుపు పట్టుకొని నవ్వారు. కొత్త మనిషి కళ్ళు తుడుచుకొని అసలు మాట అడిగాడు.

"మరి యాభై లక్షలు పెట్టొచ్చంటావా అన్నా?"

"పెట్టొచ్చు" అన్నాడు జీవానందం. "కారుది ఏం తప్పు లేదు. డ్రైవరే మంచోడు దొరకాల."

కామాక్షయ్య టీ పోసి అతని ముందు పెట్టాడు.